వరికి సుడిదోమ – మొదలు చూచి పైరు కాపాడుకొను విధము

గుండుగొలను, భీమడోలు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు వరి పండించు రైతులకు దోమపోటు అను మాట క్రొత్తది కాదు. పైరు ఏపుగా పెరిగి, వెన్నులు వంగి, కోతకు మూడు నాలుగు వారములు మాత్రమే మిగిలియున్న తరుణమున పొలము నడుమ ఒకచోట బండిచక్రమంత మేర పసుపువాఱును. నాలుగైదు దినములలో అది ఎండుగడ్డి యగును. వారము తిరుగునప్పటికి ఆ సుడి కళ్లమంత విస్తరించి, ప్రక్కనున్న మఱి రెండు సుడులతో కలిసి, చేను పడిపోవును. అప్పటికి దుక్కి, నాట్లు, ఎఱువు, కూలి మొదలగు ఖర్చులన్నియు చేసియుండుట వలన నష్టమంతయు రైతు నెత్తినే పడును.

ఇట్టి చేను చూచినవారు, "నిన్నటిదాక బాగుగా నుండెను, రాత్రికి రాత్రి దోమ పడినది" అందురు. ఈ యభిప్రాయము సరికాదు. సుడి కనబడుటకు రెండు నెలల ముందే దోమ ఆ చేనిలో ప్రవేశించి, దుబ్బుల మొదళ్లయందు రెండు మూడు తరములు పెంచుకొని యుండును. ఆకులు పచ్చగా నుండుటచే రైతు దానిని గమనింపడు. గట్టుమీద నిలిచి ఆకు చూచువానికి ఈ చీడ కడపటి దినమున తెలియును. మడిలో దిగి మొదలు చూచువానికి నెల ముందుగా తెలియును. ఈ పత్రమునందు చెప్పబడు విషయములన్నిటికి ఇదియే మూలము.

చీడ యొక్క స్వరూపము

పైరుల రసము పీల్చి బ్రతుకు దోమలలో ఒక పెద్ద తెగ కలదు. మనుష్యులను కుట్టు దోమలకును వీనికిని సంబంధము లేదు. ఇవి నల్లుల జాతికి చేరినవి. సూదివంటి నోటితో మొక్కనుండి రసము పీల్చును. చెఱకుపై ముక్కు పొడుగుగా నుండు పైరిల్లా అను పురుగును, జొన్న మొవ్వులో గుంపులుగా చేరు దోమయు ఈ తెగలోనివే. వరికి హాని చేయునవి ముఖ్యముగా రెండు: గోధుమరంగు దోమ, తెల్లవీపు దోమ. గోధుమరంగు దోమనే రైతులు సుడిదోమ యందురు. 1854లో స్టాల్ అను స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు జావా ద్వీపమునుండి వచ్చిన పురుగులను పరిశీలించి దీనిని మొదట వర్ణించెను. నేడు దీని శాస్త్రనామము నీలపర్వత లూజెన్స్.

పెరిగిన సుడిదోమ మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండి గోధుమవర్ణముతో నుండును. వెనుకకాలి చివర కదలు చిన్న ముల్లు ఈ కుటుంబపు దోమలన్నిటికి గుర్తు. భూతద్దముతో చూచిన తెలియును. తెల్లవీపు దోమకు రెక్కల మొదళ్ల నడుమ వీపుపై తెల్లని చార యుండును. ఇది తఱచు పైరు పిలకలు తొడుగు దశయందు ముందుగా వచ్చును. సుడిదోమ పొట్టదశ నుండి గింజ గట్టిపడు వఱకు ఎక్కువగా నుండును. ఆకులపై తిరుగు పచ్చదోమ వేఱు కుటుంబమునకు చెందినది. దానిని చూచి సుడిదోమ యని భ్రమపడి మందు చల్లువారు కలరు. గుర్తు సులభము: పచ్చదోమ ఆకుపై నుండును, సుడిదోమ నీటికి కొంచెము పైగా దుబ్బు మొదట నుండును.

జీవితక్రమము

ఆడుదోమ ఆకుతొడిమను చీల్చి లోపల అరటికాయ ఆకృతి గల సన్నని గ్రుడ్లను వరుసగా పెట్టును. అందుచే అవి పైకి కనబడవు. చాలమందులు వానిని తాకవు. వారము తొమ్మిది దినములలో గ్రుడ్లు పగిలి పిల్లలు వచ్చును. పిల్లలు మొదట తెల్లగా నుండి, అయిదుమాఱులు కుబుసము విడిచి, రెండు వారములలో పెద్దవగును. గ్రుడ్డు మొదలు గ్రుడ్డు పెట్టు వఱకు సుమారు నెల దినములు పట్టును. ఒక ఆడుదోమ తన జీవితములో రెండు మూడు వందల గ్రుడ్లు పెట్టగలదు.

పెద్దదోమలలో రెండు రూపములు గలవు. పొడుగు రెక్కలది ఎగిరి దూరము పోవును. పొట్టి రెక్కలది ఎగురలేదు గాని గ్రుడ్లు పెట్టుటయందు మిక్కిలి సమర్థురాలు. పొడుగు రెక్కల దోమలు క్రొత్తగా నాటిన చేలలో వ్రాలి గ్రుడ్లు పెట్టును. పైరు లేతగా, రసవంతముగా నున్నచో వాని సంతతిలో పొట్టి రెక్కలవి ఎక్కువగును. పైరు ముదిరి, దోమలు క్రిక్కిఱిసినపుడు మరల పొడుగు రెక్కలవి పుట్టి ప్రక్క చేలకు పోవును. కనుక దుబ్బు మొదట పొట్టి రెక్కల ఆడుదోమలు కనబడుట రాబోవు నెలలో దోమపోటు వచ్చుననుటకు ముందస్తు హెచ్చరిక.

దీనిని లెక్కవేసి చూచుకొనవచ్చును. ఒక ఆడుదోమ పెట్టిన 200 గ్రుడ్లలో పదింట ఒకటి మాత్రమే బ్రతికినదనుకొందము. 20 దోమలు మిగులును; అందు సగము ఆడువి. ఆ పదియు అట్లే పెంచిన రెండవ తరమున 200, మూడవ తరమున 2,000 అగును. మొదటి నెలలో చూచినను కనబడనంత కొలది సంఖ్య మూడవ నెలలో సుడియగుట ఇట్లు. పదింట ఒకటికి బదులు ఇరువదింట ఒకటి మాత్రమే బ్రతికినచో మూడవ తరమునకు 250 మాత్రమే యుండును. గ్రుడ్లను, పిల్లలను తిను మిత్రపురుగులు చేనిలో ఉన్నవో లేవో అనునదే ఈ రెండు లెక్కలకు నడుమ గల భేదము.

హాని కలుగు విధము

పిల్లలును పెద్దలును దుబ్బు మొదట గుంపులుగా చేరి, ఆకులనుండి క్రిందికి దిగు తీపిరసమును పీల్చును. నోరు గ్రుచ్చినచోట ఉమ్మి గడ్డకట్టి రసనాళములు మూసికొనిపోవును. పీల్చిన రసములో మిక్కిలి భాగము జిగటగా విసర్జింపబడి మొదళ్లపై పడును. దానిపై నల్లని బూజు పట్టును. వేళ్లకు ఆహారము చాలక, ఆకులు పసుపువాఱి, మొక్క నిలువున ఎండును. తాలుగింజలు ఎక్కువగును; ఎండిన గడ్డి పశువులు సరిగా మేయవు. ఇంతేకాక సుడిదోమ గడ్డిపొట్టి తెగులు, చినుగుడాకు పొట్టి తెగులు అను రెండు వైరసు తెగుళ్లను మొక్కనుండి మొక్కకు చేర్చును.

ఈ ప్రాంతమున చీడ హెచ్చుటకు కారణములు

సుడిదోమ వరిపైననే వర్ధిల్లును. సార్వా, దాళ్వా రెండు పంటలు పండు గోదావరి పశ్చిమ డెల్టాలో ఏడాదిలో అధికభాగము దానికి ఆహారము దొరకును. సార్వాలో భాద్రపదము నుండి కార్తీకము వఱకు, దాళ్వాలో ఫిబ్రవరి మార్చి నెలలలో దీనిని కనిపెట్టి యుండవలెను. 25 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడియు, గాలి యాడని తేమయు దీనికి మిక్కిలి అనుకూలము.

గుండుగొలను దక్షిణపు చేలకు మఱియొక చిక్కు కలదు. ఆ భూములు కొల్లేటివైపు వాలియున్నవి. కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి చేరగా, నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేఱే ప్రధానమార్గము. వానలు ఎక్కువై సరస్సు నిండినపుడు మురుగుకాలువలు వెనుకకు తన్ని, పల్లపు చేలలో నీరు దినముల తరబడి నిలుచును. దుబ్బు మొదట ఎల్లప్పుడు చెమ్మగా, నీడగా నుండుటకు ఇంతకంటె కావలసినదేమి? కావున మెరక చేల రైతు కంటె పల్లపు చేల రైతు ఎక్కువ ముందుగా మేలుకొనవలెను.

ఈ రెండును ప్రకృతి సిద్ధములు. రైతు స్వయముగా చేయు పొరపాటులు మూడు కలవు. ఒకటి, బాటలు విడువక క్రిక్కిఱిసి నాటుట. రెండు, పైరు నల్లగా కనబడవలెనని యూరియా అధికముగా చల్లుట. దానివలన మొక్క మెత్తబడి, రసములో దోమకు కావలసిన పోషకము హెచ్చును. మూడు, ఆకుముడుత మొదలగు పురుగులకై తొలిదశలోనే తీవ్రమైన మందులు కొట్టి మిత్రపురుగులను చంపుకొనుట.

ఇతర ప్రదేశముల అనుభవము

ఈ దోమలవలన కఱవులు వచ్చిన దేశములు కలవు. జపాను పశ్చిమభాగమున 1732లో దోమలు వరిని నాశనము చేయగా ఘోరమైన క్షామము కలిగి అనేకులు మరణించిరి. అచ్చటి రైతులు మడినీటిపై తిమింగలపు నూనె పోసి, దుబ్బులు దులిపి, నూనెలో పడిన దోమలను చంపుచుండిరి. మందులు లేని కాలమున కూడ దోమ మొదటనుండునని వారు గ్రహించి యుండుట గమనింపదగినది. జపానులో చలికాలమున ఈ దోమ బ్రతుకదు. 1967లో తీరమునకు దూరముగా సముద్రమధ్యమున నిలిచిన వాతావరణ పరిశోధన నౌకపై దోమల గుంపులు వ్రాలుట చూచి, అవి ప్రతియేట గాలివెంట సముద్రము దాటి వచ్చునని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి.

మన దేశమున 1973–74లో కేరళ యందు, ముఖ్యముగా కొల్లేటి ప్రాంతమువలె పల్లపు నీటి భూమియగు కుట్టనాడులో, సుడిదోమ విజృంభించి విస్తారమైన పంటనష్టము కలుగజేసెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయము 1973లో ఈ దోమను తట్టుకొను ఐ.ఆర్. 26 అను వంగడమును విడుదల చేసెను. రెండు మూడు సంవత్సరములకే దానిని తినగల దోమలు తయారైనవి. ఇండోనేషియాలో మందులు ఎక్కువగా వాడినచోట్లనే దోమ మరల మరల లేచుట చూచి, ఆ ప్రభుత్వము 1986లో 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించెను. ఒక్క విత్తనమునుగాని, ఒక్క మందునుగాని నమ్ముకొని ఈ చీడను గెలువజాలమని ఈ రెండు దృష్టాంతములును బోధించుచున్నవి.

మిత్రపురుగులు

చేనిలో తిరుగు ప్రతి పురుగును శత్రువు కాదు. మిరిడ్ నల్లి అను ఆకుపచ్చని చిన్నపురుగు దోమగ్రుడ్ల రసము పీల్చి వానిని నశింపజేయును. తొందరలో చూచువారు దీనినే దోమయని పొరబడుదురు. ఇది సన్నగా, పొడవుగా, చురుకుగా పరుగెత్తును. మొదళ్ల చుట్టు తిరుగు వేటసాలీళ్లు, నీటిపై నడచు చిన్న నల్లులు, అక్షింతల పురుగులు, తూనీగలు దోమలను తినును. గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి చంపు మిక్కిలి సన్నని కందిరీగజాతి పురుగులును కలవు. ఇవి కూలి యడుగక పనిచేయు పాలేళ్లవంటివి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు ఇవన్నియు చచ్చునట్లు చేసి, తొడిమలోని దోమగ్రుడ్లను మాత్రము విడిచిపెట్టును. అందువలన మందు కొట్టిన రెండు మూడు వారములకు దోమ మునుపటికంటె హెచ్చుగా కనబడును.

చేను చూచు విధము

నాటిన నెల దినములనుండి వారమున కొకమాఱు, పొట్టదశ మొదలు మూడు నాలుగు దినముల కొకమాఱు మడిలోనికి దిగవలెను. గట్టునుండి గట్టునకు ఐమూలగా నడచుచు ఇరువది దుబ్బులు చూడవలెను. దుబ్బును ప్రక్కకు వంచి, మొదటిపై అఱచేతితో రెండుమాఱులు తట్టి, నీటిపై పడిన దోమలను లెక్కింపవలెను. సాలీళ్లను, మిరిడ్ నల్లులను కూడ వేఱుగా లెక్కించుట మంచిది. చేనినడుమ, గాలి చొఱని దట్టమైన చోట్ల తప్పక చూడవలెను. సుడులు అచ్చటనే మొదలగును. రాత్రులందు దీపమునకు దోమలు ఎక్కువగా వచ్చుచున్నచో వలస వచ్చినదని తెలిసికొనవలెను.

పిలకదశలో దుబ్బుకు 10 నుండి 15, ఈనిన పిదప 20 నుండి 25 దోమలున్నచో మందు వాడవలసిన సమయమైనదని గ్రహింపవలెను. అంతకు తక్కువయుండి, మిత్రపురుగులు బాగుగా నున్నచో నీరు తీసి, రెండుమూడు దినములలో మరల చూచుట చాలును.

నివారణ పద్ధతులు

విత్తనము: 1982లో మార్టేరు నుండి వచ్చిన స్వర్ణ (ఎం.టి.యు. 7029), 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబమసూరి (బి.పి.టి. 5204) దిగుబడికి, నాణ్యమునకు పేరుపొందినను సుడిదోమకు లోబడునవి. విజేత (ఎం.టి.యు. 1001), కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010), ఇంద్ర (ఎం.టి.యు. 1061) మొదలగు మార్టేరు వంగడములు దోమను కొంతవఱకు తట్టుకొనును. ఏటేట దోమపోటు వచ్చు పల్లపు చేలలో ఇట్టివి వేయుట క్షేమకరము. తట్టుకొను వంగడమైనను మొదలు చూచుట మానరాదు.

నాటుట: సార్వాలో చదరపు మీటరుకు 33, దాళ్వాలో 44 దుబ్బులు చాలును. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పు గల కాలిబాటను తూర్పు పడమరలుగా విడువవలెను. భూమి పోయినదని చింతింప బనిలేదు. బాట ప్రక్కనున్న దుబ్బులు బాగుగా పిలకలు తొడుగును; మొదళ్లకు వెలుతురు, గాలి తగులును; మందు కొట్టువాడు లోపలికి పోగలుగును.

ఎఱువు: నత్రజనిని సిఫారసు చేసిన మోతాదునకు మించక, దమ్ములో కొంత, పిలకలు తొడుగునపుడు కొంత, అంకురము ఏర్పడునపుడు కొంత మూడు భాగములుగా వేయవలెను. దోమ కనబడిన చేనికి యూరియా వేయుట నిప్పులో నేయి పోయుటయే. పొటాషును మఱువరాదు.

నీరు: దోమ పెరుగుచున్నదని తెలిసిన వెంటనే మడిలోని నీరు తీసివేసి, నేల నెఱ్ఱెలు విచ్చకమునుపే మరల పెట్టుచు, ఆఱుతడులుగా పెంచవలెను. మొదళ్లయందు తేమ తగ్గి పిల్లలు చచ్చును. ఖర్చులేని నివారణలలో ఇది ముఖ్యమైనది. పల్లపు చేలలో నీరు పోవు దారి లేనప్పుడు ఇది కుదురదు గనుక బోదెలలోని గుఱ్ఱపుడెక్కను, పూడికను వానలకు ముందే తీసియుంచవలెను.

మందు: హద్దు దాటినపుడు మాత్రమే వాడవలెను. పైమెట్రోజైన్ (50 పాళ్లది) లీటరు నీటికి 0.6 గ్రాము, లేదా డైనోటెఫ్యురాన్ (20 పాళ్లది) 0.4 గ్రాము, లేదా పిల్లలు ఎక్కువగా నున్నచో బ్యుప్రోఫెజిన్ (25 పాళ్లది) 1.6 మిల్లీలీటరు, లేదా ఎకరమునకు ట్రైఫ్లుమెజోపైరిమ్ (10 పాళ్లది) 94 మిల్లీలీటర్లు వాడవచ్చును. ఎకరమునకు 200 లీటర్ల మందునీరు కావలెను. నీరు తీసి, పాయలు తీసి, గొట్టమును క్రిందికి వంచి, దుబ్బు మొదళ్లు తడియునట్లు కొట్టవలెను. ఆకులపై చల్లిన మందు దోమకు చేరదు. పైమెట్రోజైన్ తగిలిన దోమ రసము పీల్చుట మాని, కొన్ని దినములకు చచ్చును. బ్యుప్రోఫెజిన్ పిల్లలు కుబుసము విడువకుండ చేయును గాని పెద్దవానిని చంపదు. కనుక మఱునాడు దోమలు బ్రతికియున్నవని మరల కొట్టరాదు. ఒకే మందును వరుసగా వాడరాదు. ఇమిడాక్లోప్రిడ్ విషయమున ఆసియా దేశములలో 2003 నుండి జరిగినట్లు దోమలు దానికి అలవాటుపడును. రెండు మూడు మందులు కలిపి కొట్టుట ధనవ్యయమే గాక హానికరము. మందు కొట్టువాడు ముఖము, చేతులు కప్పుకొని గాలివాలున నడువవలెను. కోతకు ముందు ఎన్ని దినములు ఆగవలెనో డబ్బాపై చదివించుకొని పాటింపవలెను. మందు కొట్టిన మడినీటిని మురుగుకాలువలోనికి వదలరాదు. కొల్లేటి చుట్టునున్న చేపలచెఱువులు ఆ నీటినే త్రాగును.

ఊరుమ్మడి పని

ఒక రైతు ఎంత జాగ్రత్తపడినను ప్రక్కచేను సుడులుపడినచో అచ్చటి పొడుగు రెక్కల దోమలు గట్టు దాటి వచ్చును. ఎగువ మడివాడు నీరు వదిలినచో దిగువవాని మడి నిండును. అందుచే ఒక బోదె క్రింది రైతులందఱును వారము పదిదినముల వ్యవధిలో నాట్లు ముగించుట, మురుగు కలిసి బాగుచేసికొనుట, నీరు తీయు దినము ముందుగా అనుకొనుట, ఒకరి చేనిలో దోమ కనబడినచో అదేదినము తక్కినవారికి చెప్పుట అవసరము. తన చేనిలో దోమ యున్నదని చెప్పుకొనుట నామోషి కాదు. దాచుటవలన తనకును ఇరుగుపొరుగు వారికిని నష్టమే. సందేహమున్నచో గ్రామ రైతుసేవా కేంద్రమున గాని, 1925 నుండి వరి పరిశోధన జరుగుచున్న మార్టేరు క్షేత్రమున గాని విచారించుకొనవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. ఆకు చూడక మొదలు చూడవలెను. నాటిన నెలనుండి చూడవలెను.
2. పొట్టి రెక్కల ఆడుదోమలు కనబడిన నెల దినములలో దోమపోటు రావచ్చును.
3. రెండు మీటర్ల కొక బాట, మితమైన యూరియా, ఆఱుతడి నీరు – ఈ మూడును మందుకంటె ముందు.
4. తొలిదశలో తీవ్రమైన మందులు కొట్టి సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపుకొనరాదు.
5. హద్దు దాటినపుడే, సరియైన మందునే, దుబ్బు మొదటికే కొట్టవలెను.
6. ఒక బోదె క్రింది రైతులందఱు కలిసి పనిచేయవలెను.

చేను సుడిపడిన పిదప ఎండిన దుబ్బును ఏ మందును బ్రతికింపజాలదు. నెల ముందుగా మడిలో దిగి ఇరువది దుబ్బులు తట్టిచూచుటకు పట్టు కాలము అరగంట. ఆ అరగంటపైననే ఆఱునెలల పంట ఆధారపడియున్నది.